పదికాలాలు ఉండే ఫ్రిజ్



ఒకప్పుడు పొదుపు సంఘంలో అప్పు అంటే గేదె కోసం. లేదా కుట్టుమిషను కోసం. ఇప్పుడు ఫ్రిజ్ కోసం కూడా అడుగుతున్నారు. అందులో తప్పేం లేదు. ఫ్రిజ్ సోకు వస్తువు అనే రోజులు పోయాయి. చక్కెర జబ్బు ఉన్న అత్తగారికి ఇన్సులిన్ మందు దాచాలి. పొద్దుటి పాలు సాయంత్రానికి విరిగిపోకూడదు. కూలికి పోయే ఇల్లాలు వారానికి సరిపడా కూరగాయలు ఒకేసారి సంతలో కొనుక్కోవాలి. దోసెల పిండి రుబ్బి అమ్ముకునే ఆమెకు ఫ్రిజ్ అంటే పెట్టుబడి. పూలు కట్టి అమ్మే ఆమెకూ అంతే.

అయితే కుట్టుమిషను సంగతి వేరు, ఫ్రిజ్ సంగతి వేరు. కుట్టుమిషను మొరాయిస్తే ఇల్లాలే ఆయిలు వేస్తుంది, సూది మారుస్తుంది. ఫ్రిజ్ మూసిన పెట్టె. లోపల ఏం జరుగుతుందో కనపడదు. కొనేటప్పుడు షాపువాళ్ళు చెప్పిందే మాట. చెడిపోయాక మెకానిక్కు చెప్పిందే మాట. పదిహేను వేలు పోసి కొన్నది మూడో ఏడాదే మూలన పడితే ఏం గతి? ఫ్రిజ్ ఆగినా అప్పు వాయిదా ఆగదు కదా!

అందుకే ఇవాళ్టి మాటలు ఏ కంపెనీ గొప్పది అనే దాని గురించి కాదు. ఎక్కువ కాలం ఉండే ఫ్రిజ్‌ను ఎలా గుర్తుపట్టాలి? దాన్ని ఎలా నిలుపుకోవాలి? అదీ సంగతి.

ముందుగా, ఫ్రిజ్ ఎలా చల్లబరుస్తుంది? ఇది తెలిస్తే సగం మోసాలు తప్పుతాయి.

మట్టి కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండకు చెమట పడుతుంది. ఆ తడి ఆవిరి అవుతుంది. ఆవిరి అవుతూ లోపలి నీళ్ళలోని వేడిని లాక్కుని పోతుంది. ఫ్రిజ్‌లో జరిగేదీ ఇంచుమించు ఇదే. నీళ్ళకు బదులు ఒక గ్యాసు ఉంటుంది. అది సన్నని గొట్టాల్లో తిరుగుతుంది. లోపలి గొట్టాల్లో ఆవిరై వేడిని లాగుతుంది. ఆ వేడిని మోసుకుని బయటికి వస్తుంది. కింద వెనక వైపు నల్లని కుండ లాంటిది ఒకటి ఉంటుంది. దాని పేరు కంప్రెసరు. అది గ్యాసును ఒత్తి తోస్తుంది. వేడి బయట పోతుంది. గ్యాసు మళ్ళీ నీరుగా మారి లోపలికి వెళ్తుంది. ఫ్రిజ్ వెనక, పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది అందుకే. కంగారు పడనక్కర లేదు. లోపలి వేడే అది.

కుండ నీళ్ళకూ ఈ గ్యాసుకూ ఒక తేడా ఉంది. కుండలో నీళ్ళు తగ్గుతాయి. ఫ్రిజ్‌లో గ్యాసు తగ్గదు. గొట్టాలన్నీ అతికి మూసేసి ఉంటాయి. ఆ గ్యాసే ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది. పొయ్యి గ్యాసులా వాడేకొద్దీ అయిపోయేది కాదు.

ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే కొందరు మెకానిక్కులు వచ్చి, తలుపు తీసి చూసి, “గ్యాసు అయిపోయిందమ్మా, ఎక్కించాలి” అంటారు. వేలల్లో డబ్బు అడుగుతారు. అప్పుడు ఇల్లాలు అడగాల్సిన ప్రశ్న ఒకటే. “గ్యాసు ఎక్కడ కారింది? ఆ చోటు చూపించు, ముందు దాన్ని అతుకు” అనాలి. కారే చోటు మూయకుండా గ్యాసు నింపితే, చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. కొన్నాళ్ళకు మళ్ళీ అదే కథ. పని తెలిసిన మెకానిక్కు ఈ ప్రశ్నకు కోపగించుకోడు. చోటు వెతికి చూపిస్తాడు.

ఇక కొనే మాట. ఫ్రిజ్‌లు ముఖ్యంగా రెండు రకాలు. ఒక తలుపుది, మంచు కట్టేది. దీన్ని డైరెక్ట్ కూల్ అంటారు. రెండోది మంచు కట్టనిది. దీన్ని ఫ్రాస్ట్ ఫ్రీ అంటారు. రెండు తలుపులవి ఎక్కువగా ఈ రకమే.

మంచు కట్టేదాంట్లో పైన ఐసు గది చుట్టూ మంచు పేరుకుంటుంది. అప్పుడప్పుడూ ఒక బొత్తాం నొక్కి కరిగించాలి. అదొక్కటే పని. మంచు కట్టనిదాంట్లో ఆ పని ఉండదు. లోపల చిన్న ఫ్యాను ఉంటుంది. అది చల్లగాలిని తిప్పుతుంది. మంచు కరిగించడానికి చిన్న హీటరు ఉంటుంది. ఎప్పుడు కరిగించాలో చూసే ఏర్పాటు ఉంటుంది. సుఖమే. కానీ ఫ్యాను ఆగితే చల్లదనం రాదు. హీటరు కాలిపోతే గాలిదారి మంచుతో మూసుకుపోతుంది. భాగాలు ఎన్ని ఎక్కువ ఉంటే, చెడిపోయేవి అన్ని ఎక్కువ. కరెంటు కూడా మామూలుగా ఇదే ఎక్కువ తాగుతుంది.

పల్లెలో, చిన్న ఊళ్ళో, నలుగురు ఉన్న ఇంటికి మంచు కట్టే ఒంటి తలుపు ఫ్రిజ్ మేలు. భాగాలు తక్కువ. మెకానిక్కుకు చేతికి అలవాటైన యంత్రం. ఉండాల్సినంత ఉంటే చాలు. ఫ్రిజ్ సైజును లీటర్లలో చెప్తారు. నలుగురికి 180 నుంచి 200 లీటర్లది సరిపోతుంది. పెద్దది కొంటే నాలుగు గిన్నెలు పెట్టుకుని ఖాళీ అరలను చల్లబరుస్తూ కూర్చోవాలి. పిండి అమ్మే ఆమె, పాలు అమ్మే ఆమె మాత్రం తన సరుకు లెక్క చూసుకుని పెద్దది తీసుకోవచ్చు. అది ఖర్చు కాదు, గిట్టుబాటు.

షాపు కుర్రవాడు అద్దం తలుపు చూపిస్తాడు. పూల బొమ్మలు చూపిస్తాడు. తలుపు మీద తాళం, కింద ఉల్లిపాయల అర చూపిస్తాడు. చూడండి, సంతోషం. కానీ వాటితో ఫ్రిజ్ ఒక్క రోజు కూడా ఎక్కువ బతకదు.

“ఇది ఇన్వర్టర్ ఫ్రిజ్ అమ్మా” అని కూడా అంటాడు. చాలామంది ఇక్కడ పొరబడుతున్నారు. ఇన్వర్టర్ అంటే ఇంట్లో బ్యాటరీతో లైట్లు వెలిగించే పెట్టె అనుకుంటున్నారు. కరెంటు పోయినా ఈ ఫ్రిజ్ నడుస్తుందని ఆశ పడుతున్నారు. అది నిజం కాదు. ఇన్వర్టర్ కంప్రెసరు అంటే వేగం తగ్గించుకోగల కంప్రెసరు. మామూలు కంప్రెసరు పూర్తి వేగంతో తిరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. ఇది అవసరాన్ని బట్టి మెల్లగా తిరుగుతుంది. చప్పుడు తక్కువ. కరెంటు ఆదా. మంచిదే. కాకపోతే దాన్ని నడిపించడానికి ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. ఎక్కువ తక్కువ కరెంటుకు ఆ బోర్డు పోతే ఖర్చు బాగానే అవుతుంది. కాబట్టి ఇన్వర్టర్ రకం కొంటే బోర్డుకు గ్యారంటీ ఎన్నాళ్ళో తప్పకుండా అడగాలి.

ఇప్పుడు కాగితాల సంగతి. చదువు నేర్చుకున్న చెయ్యి ఇక్కడ పనికొస్తుంది.

షాపులో ప్రతి ఫ్రిజ్ తలుపు మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద నక్షత్రాలు ఉంటాయి. ఇది కంపెనీ వేసుకున్న అలంకారం కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టిన పద్ధతి. 2006లో మొదలైంది. ఎక్కువ నక్షత్రాలు ఉంటే కరెంటు తక్కువ తాగుతుందని అర్థం. 5 నక్షత్రాలు అన్నిటికన్నా పైమెట్టు.

ఆ చీటీలో చాలా మాటలు ఇంగ్లీషువే. అయితే ఏం? అంకెలు అందరివీ. నక్షత్రాల కింద ఒక పెద్ద అంకె ఉంటుంది. ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుందో చెప్పే అంకె అది. నక్షత్రాల కన్నా ఈ అంకె ముఖ్యం. ఆ చీటీ ఏ సంవత్సరానిదో కూడా దాని మీదే ఉంటుంది. అదీ చూడాలి. కొన్నేళ్ళకోసారి లెక్క కఠినం చేస్తుంటారు. పాత చీటీ మీద 5 నక్షత్రాలు కొత్త లెక్కలో తగ్గిపోవచ్చు.

ఒక లెక్క వేసి చూద్దాం. పలక తీయండి. ఒక ఫ్రిజ్ మీద 200 అని ఉంది. ఇంకోదాని మీద 150 అని ఉంది. తేడా ఏడాదికి 50 యూనిట్లు. యూనిట్టుకు 5 రూపాయలు అనుకుంటే ఏడాదికి 250 రూపాయలు. పదేళ్ళకు 2,500 రూపాయలు. అంటే 150 అంకె ఉన్న ఫ్రిజ్ ధర 2,000 ఎక్కువైనా నష్టం లేదు. 5,000 ఎక్కువైతే మాత్రం ఆలోచించాలి. మీ ఇంటి కరెంటు బిల్లులో యూనిట్టు ధర ఎంత ఉందో చూసి, ఆ అంకెతో మళ్ళీ వెయ్యండి. నక్షత్రాలు ఎక్కువుంటే కళ్ళు మూసుకుని కొనమనడం సరి కాదు. లెక్క వేసి కొనాలి.

రెండో కాగితం గ్యారంటీ కార్డు. వారంటీ అని కూడా అంటారు. “పదేళ్ళ గ్యారంటీ అమ్మా!” అని షాపులో గట్టిగా చెప్తారు. ఆ పదేళ్ళు దేనికి? సాధారణంగా కంప్రెసరుకు మాత్రమే. మొత్తం ఫ్రిజ్‌కు ఎక్కువగా ఒక ఏడాదే ఉంటుంది. కంప్రెసరు ఉచితంగా ఇచ్చినా, గ్యాసు నింపే ఖర్చు, మెకానిక్కు కూలి, రానుపోను బండి ఖర్చు కొనుక్కున్నవాళ్ళ మీదే పడొచ్చు. ఇదంతా ఆ కార్డులో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. చదవడం రాకపోతే ఇంటికి రాగానే పిల్లల చేత చదివించుకోవచ్చు అనుకుంటారు. అలా కాదు. డబ్బు ఇవ్వకముందే షాపులో కూర్చుని చదివించాలి. దేనికి ఎన్నేళ్ళు, ఏ ఖర్చు ఎవరిది? మీరే మీ నోటుబుక్కులో రాసుకోవాలి. మీరు రాసుకుంటుంటే షాపువాళ్ళు కూడా ఆచితూచి మాట్లాడతారు!

మూడోది బిల్లు. “బిల్లు లేకపోతే పన్ను తగ్గిస్తాం” అనే షాపు నుంచి లేచి వచ్చెయ్యండి. బిల్లు లేకపోతే గ్యారంటీ అడగడానికి నోరుండదు. బిల్లు మీద కొన్న తేదీ ఉండాలి. మోడలు పేరు, సీరియల్ నంబరు ఉండాలి. ఫ్రిజ్ మీద చీటీలో ఉన్న నంబరూ, బిల్లు మీది నంబరూ ఒకటేనా చూడాలి. కొన్ని బిల్లులు నున్నని కాగితం మీద మిషను కొట్టి ఇస్తారు. ఆ అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. మూడేళ్ళ తరువాత తీసి చూస్తే తెల్లకాగితం. అందుకని ఆ రోజే జిరాక్సు తీయించి, రెండూ ఒకచోట దాచండి.

పేరున్న కంపెనీ అయితే చాలు కదా అని కొందరంటారు. పేరు కొంత నిజమే. కానీ హైదరాబాదులో ఆల్విన్ అనే కంపెనీ ఉండేది. అక్కడ ఫ్రిజ్‌లు చేసేవాళ్ళు, బస్సులు చేసేవాళ్ళు, గడియారాలు చేసేవాళ్ళు. ఒక తరం తెలుగు ఇళ్ళల్లో ఫ్రిజ్ అంటే ఆల్వినే. 1990లలో ఆ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్ళిపోయింది. ఆల్విన్ కంపెనీ ఇప్పుడు లేదు. ఎంత పేరున్నా కంపెనీలు చేతులు మారతాయి, మూతపడతాయి. కాబట్టి పేరుతో పాటు ఇంకో సంగతి అడగాలి. “మా ఊరికి దగ్గరలో ఈ కంపెనీ సర్వీసు ఎక్కడుంది? విడిభాగాలు అక్కడ దొరుకుతాయా?” మండలంలోనో, పక్క పట్నంలోనో ఉంటే సరే. హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో మనిషి రావాలంటే ఆ ఫ్రిజ్ ఎంత గొప్పదైనా మీ ఊరికి గొప్పది కాదు. ఊళ్ళో మెకానిక్కును కూడా ముందే అడగండి. ఏ రకం ఎక్కువగా బాగుకు వస్తోందో అతనికి తెలిసినంత షాపువాళ్ళకు తెలియదు.

పాత ఫ్రిజ్‌లే గట్టివి, ఇప్పటివి రేకులు అని పెద్దవాళ్ళు అంటారు. అందులో సగం నిజం. పాతవాటిలో రేకు మందం, భాగాలు తక్కువ. ఇరవై ఏళ్ళు నడిచినవి ఉన్నాయి. కానీ అవి కరెంటును బాగా తాగేవి. వాటిలో వాడిన పాత గ్యాసు ఆకాశంలో ఓజోను పొరను దెబ్బతీసేది. ఎండలోని చెడ్డ కిరణాలను ఆపే పొర అది. అందుకే 1987లో పలు దేశాలు మాంట్రియల్ నగరంలో ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 1992లో అందులో చేరింది. 2010 నాటికి ఫ్రిజ్‌ల కోసం ఆ గ్యాసు చెయ్యడం ఇక్కడ ఆగిపోయింది. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తోందని మరీ పాతది కొనకండి. సెకండ్ హ్యాండ్‌దే కొనాలంటే అమ్మేవాళ్ళ ఇంట్లో రెండు గంటలు ఆడించి చూడాలి. ఐసు గది చల్లబడుతోందా? కంప్రెసరు మధ్యమధ్య ఆగుతోందా, ఆపకుండా కొట్టుకుంటోందా? కింద తుప్పు ఉందా? తలుపు రబ్బరు చిరిగిందా? ఇవన్నీ చూశాకే బేరం.

తలుపు రబ్బరుకు ఒక పరీక్ష ఉంది. పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూయండి. నోటు పట్టుకుని లాగండి. బిగువుగా వస్తే రబ్బరు మంచిది. జారి వచ్చేస్తే చల్లగాలి కూడా అలాగే జారిపోతోందన్నమాట. కొత్త ఫ్రిజ్‌కు కూడా ఈ పరీక్ష చెయ్యొచ్చు. షాపులో సిగ్గు పడనక్కర లేదు.

కొత్తవాటిలో చాలావాటికి ఆర్ 600ఏ అనే గ్యాసు ఉంటుంది. ఓజోను పొరకు హాని చెయ్యదు. కానీ వంట గ్యాసు లాగే మండుతుంది. ఉండేది కొద్ది గ్రాములే. ఇంట్లో వాడుకుంటే భయం లేదు. బాగు చేసేటప్పుడే జాగ్రత్త. ఈ గ్యాసు పనిలో శిక్షణ ఉన్న మనిషి చేతే చేయించాలి. వంటింట్లో పొయ్యి పక్కన మంట పెట్టి గొట్టాలు అతకనివ్వకండి.

ఇక డబ్బు. వాయిదాల మీద ఇస్తాం, వడ్డీ సున్నా అని బోర్డులు పెడతారు. వడ్డీ లేకుండా ఎవరైనా అప్పు ఇస్తారా? ఆ వడ్డీని ధరలోనో, ఫీజులోనో కలుపుతారు. సున్నా వడ్డీ అనేది అసలు లేనే లేదని 2013లో రిజర్వు బ్యాంకు కూడా బ్యాంకులకు చెప్పింది.

ఇదీ ఒక లెక్క. ఒక ఫ్రిజ్ రొక్కం ఇస్తే 15,000 రూపాయలు అనుకోండి. వాయిదాల్లో నెలకు 1,600 చొప్పున 10 నెలలు అన్నారు. మొత్తం 16,000. పైన ఫీజు 500. అంటే 16,500. అదే పొదుపు సంఘంలో నూటికి నెలకు రూపాయి వడ్డీకి 15,000 తీసుకుంటే? నెలకు 1,500 అసలు కట్టుకుంటూ పోతే మొదటి నెల వడ్డీ 150. రెండో నెల 135. అలా తగ్గుతూ పది నెలలకు మొత్తం వడ్డీ 825. అంటే 15,825తో పని అయిపోయింది. 675 రూపాయలు మిగిలాయి. పైగా ఆ వడ్డీ కూడా సంఘానిదే. రొక్కం చేతిలో ఉంటే బేరం ఆడే వీలూ ఉంటుంది. మీ సంఘం వడ్డీ ఎంతో, షాపు వాయిదా ఎంతో తెలుసుకుని ఇదే దారిలో లెక్క వెయ్యండి.

ఇంటికి వచ్చాక ఫ్రిజ్‌ను ఎక్కడ పెట్టాలి? పొయ్యి పక్కన వద్దు. ఎండ పడే కిటికీ దగ్గర వద్దు. గోడకు ఆనించొద్దు. వెనక బెత్తెడు పైనే సందు వదలాలి. వేడి బయటికి పోవడానికి దారి కావాలి కదా! రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. రేకుల ఇంట్లో మధ్యాహ్నం ఫ్రిజ్‌కూ ఊపిరాడదు. ఉన్న గదుల్లో చల్లని గది చూసి పెట్టాలి. ఇంటికి ఆడంబరంగా ముందు గదిలో పెట్టి, ఎండ కొట్టించి చెడగొట్టుకున్నవాళ్ళు లేకపోలేదు.

కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్ళల్లో శత్రువు ఉప్పుగాలి. రేకు తుప్పు పడుతుంది, గొట్టాలు తినేస్తుంది. అక్కడ కొనేటప్పుడు లోపలి గొట్టాలు రాగివా, అల్యూమినియంవా అని అడగడం మంచిది. రాగి గొట్టం కారితే అతకడం సులువు. ఏ ఊరైనా సరే, ఫ్రిజ్ కింద స్టాండు వేయించండి. ఇల్లు కడిగిన నీళ్ళు తగిలే అడుగు రేకు ముందు పోతుంది.

అన్నిటికన్నా పెద్ద సంగతి కరెంటు. ఫ్రిజ్‌ను దొంగలు ఎత్తుకుపోరు, కరెంటు ఎత్తుకుపోతుంది! ఇళ్ళకు రావాల్సింది 230 వోల్టులు. సాయంత్రం అందరూ మోటార్లు వేస్తే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, లైటు మసకబారుతుంది. అదే తక్కువ వోల్టేజి. కంప్రెసరు తిరగలేక మూలుగుతుంది, వేడెక్కుతుంది, కాలిపోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌ల మీద స్టెబిలైజరు అక్కర లేదని రాస్తున్నారు. ఆ మాట కింద రెండు అంకెలు ఉంటాయి. ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అని. కరెంటు ఆ రెండు అంకెల మధ్య ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. ఊళ్ళో ఎలక్ట్రీషియను చేత సాయంత్రం పూట ఒకసారి వోల్టేజి చూపించండి. అంకె దాటిపోతుంటే స్టెబిలైజరు కొనక తప్పదు. ఆ ఖర్చు కూడా ముందే లెక్కలో కలుపుకోవాలి.

కరెంటు పోయి వెంటనే వస్తే ఫ్రిజ్‌ను వెంటనే వెయ్యకూడదు. గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోవాలి. స్విచ్చి తీసేసి అయిదు నిమిషాలు ఆగి వెయ్యండి. మంచి స్టెబిలైజరు ఈ పని తనే చేస్తుంది. కరెంటు పోయినంతసేపూ తలుపు తీయకండి. మూసి ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది.

ప్లగ్గుకు మూడు పిన్నులు ఉంటాయి. మూడోది ఎర్తు. దాన్ని విరిచి రెండు పిన్నుల బోర్డులో పెట్టడం చాలా ఇళ్ళల్లో చూస్తాం. తడి చేత్తో తలుపు తీసిన పిల్లకు షాకు కొట్టేది అప్పుడే. ఇంటికి ఎర్తు లేకపోతే ఫ్రిజ్ కన్నా ముందు ఎర్తు వేయించాలి. పొడుగు వైర్ల బోర్డు నుంచి కాక, గోడ బోర్డు నుంచే కరెంటు ఇవ్వాలి.

మంచు అర సెంటీమీటరు పేరుకోగానే బొత్తాం నొక్కి కరిగించండి. మంచు మందమైతే చల్లదనం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. కత్తితో, అట్లకాడతో గీకడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. ఆ ఐసు గది గోడలోనే గ్యాసు గొట్టాలు ఉంటాయి. ఒక్క పోటు పడితే చిల్లు. గ్యాసంతా పోతుంది. పదేళ్ళు ఉండాల్సిన ఫ్రిజ్ పది సెకన్లలో పోయే దారి ఇది. గ్యారంటీ కూడా దీనికి వర్తించదు.

వేడి గిన్నెలు ఆరాకే పెట్టండి. తలుపు తీసి ఏం వండాలా అని ఆలోచించకండి. వెనక దుమ్ము నెలకోసారి ప్లగ్గు తీసి దులపండి. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మధ్య అరలో పెట్టండి, ఐసు గదిలో ఎప్పుడూ వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. కరిగినా పనికిరాదు.

ఇంత చేసినా ఫ్రిజ్ చెడిపోవచ్చు. గ్యారంటీలో ఉండగా చెడితే ముందు కంపెనీ నంబరుకు ఫోను చెయ్యాలి. వాళ్ళు ఒక ఫిర్యాదు నంబరు ఇస్తారు. తేదీ వేసి రాసుకోవాలి. వచ్చిన మెకానిక్కు ఏం చేశాడో కాగితం మీద రాయించుకోవాలి. ఊరికే తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫోను చెయ్యొచ్చు. నంబరు 1915. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. 2019 చట్టం ప్రకారం నష్టం జరిగిన రెండేళ్ళలోపు అక్కడికి వెళ్ళాలి. అయిదు లక్షల రూపాయల లోపు కొన్న సరుకుకు అక్కడ ఫీజు లేదు. వెళ్ళేటప్పుడు బిల్లు, దాని జిరాక్సు, గ్యారంటీ కార్డు, తేదీలు రాసుకున్న నోటుబుక్కు తీసుకువెళ్ళండి.